సెకండ్ హ్యాండ్ బిజినెస్ ల్యాప్‌టాప్: థింక్‌ప్యాడ్ టీ480, లాటిట్యూడ్ 7490, ఎలైట్‌బుక్ 840 జీ5ల్లో మీకేది?

పాతిక వేల లోపు ల్యాప్‌టాప్ కావాలంటే రెండు దారులున్నాయి. షోరూంలో కొత్తది కొంటే వారంటీ ఉంటుంది, పెట్టె విప్పిన సంతోషం ఉంటుంది. కానీ ఆ ధరలో దొరికేది సాధారణంగా పలచటి ప్లాస్టిక్ బాడీ, అట్టడుగు తరగతి ప్రాసెసర్, చాలాసార్లు బోర్డుకే అతికించేసిన మెమరీ. రెండో దారి, ఏదో ఆఫీసులో కొన్నేళ్లు పనిచేసి లీజు తీరాక బయటికొచ్చిన బిజినెస్ ల్యాప్‌టాప్. ఇది కొత్తగా ఉన్నప్పుడు దీని ధర అంతకు ఎన్నో రెట్లు. ఐటీ కంపెనీలున్న ఊరు కాబట్టి హైదరాబాద్‌లో ఇలాంటివి గుట్టలుగా దొరుకుతాయి. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అంటే అందరూ సీటీసీ అనే చోట, ఒకే మోడల్ పది షాపుల్లో కనిపిస్తుంది.

చిక్కు అక్కడే. మోడల్ ఒకటే అయినా పది మెషిన్లూ ఒకటి కావు. అందుకే లెనొవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్‌లలో ఏ బ్రాండ్ మంచిదన్న ప్రశ్నతో మొదలుపెట్టొద్దు. ముందు ప్రాసెసర్ జనరేషన్ (అది ఏ తరానిదో) తేల్చుకోండి, తర్వాత చేతిలో ఉన్న ఆ ఒక్క మెషిన్ ఎలా ఉందో చూడండి, బ్రాండ్ సంగతి ఆఖర్న.

జనరేషన్: 8 కంటే కిందికి దిగొద్దు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఇంటెల్‌లో 8వ జనరేషన్ నుంచి మొదలు. షాపులో 6వ, 7వ జనరేషన్ మెషిన్ మీద కూడా విండోస్ 11 నడిపి చూపిస్తారు. విండోస్ పెట్టే ప్రాసెసర్ పరీక్షను దాటవేసి ఎక్కించడం కష్టం కాదు. అయితే అలా ఎక్కించినదానికి మైక్రోసాఫ్ట్ హామీ లేదు, పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ తిప్పలు పడాలి.

అంతకంటే పెద్ద కారణం ప్రాసెసర్ లోపల ఉంది. 7వ జనరేషన్ ఐ5-7300యూకి 2 కోర్లే (కోర్ అంటే ప్రాసెసర్‌లో పనిచేసే విభాగం). ఐ7-7600యూకీ 2 కోర్లే. 8వ జనరేషన్ ఐ5-8250యూ నుంచి 4 కోర్లు, 8 థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనుల వరసలు) వచ్చాయి. అంటే పాత ఐ7 కంటే దాని తర్వాతి ఐ5 బాగా పనిచేస్తుంది. "ఐ7 అండీ, అదే రేటు" అని పాత జనరేషన్ టీ470నో, లాటిట్యూడ్ 7480నో, ఎలైట్‌బుక్ 840 జీ4నో ముందు పెడితే మర్యాదగా వద్దనండి. ఐ5-8250యూ, ఐ5-8350యూల మధ్య తేడా మాత్రం రోజువారీ పనిలో తెలియదు. దానికోసం ఎక్కువ పెట్టక్కర్లేదు.

స్టిక్కర్ చూసి నమ్మొద్దు. టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్‌లో సీపీయూ పేరు చదవండి.

మెమరీ స్లాట్లు

ఇప్పుడు 8 జీబీతో బ్రౌజర్, వర్డ్ నడుస్తాయి. ఆండ్రాయిడ్ స్టూడియో, డాకర్, వర్చువల్ మెషిన్ లాంటివి తెరిస్తే 16 జీబీ కావాలి. రేపు పెంచుకునే వీలుందా లేదా అన్నది కొనే రోజే తేలిపోతుంది. ఈ వ్యాసంలోని మూడు ప్రధాన మోడళ్లకూ రెండేసి డీడీఆర్4 స్లాట్లు (మెమరీ ముక్క దూర్చే చోట్లు) ఉన్నాయి. టీ480కి దగ్గరి పేరే ఉన్న టీ480ఎస్‌లో కొంత మెమరీ బోర్డుకే ఉండి ఒకటే స్లాట్ ఉంటుంది. టీ490 కూడా అంతే. ఎక్స్280, ఎక్స్1 కార్బన్‌లలో స్లాటే ఉండదు, మొత్తం అతికించేసిందే. అవి చూడ్డానికి ముచ్చటగా, తేలిగ్గా ఉంటాయి. 8 జీబీ ఎక్స్280 కొంటే మాత్రం అది చివరిదాకా 8 జీబీనే.

16 జీబీ ఒకే ముక్కగా కాకుండా 8 చొప్పున రెండు ముక్కలుగా ఉంటే మేలు. వీటిలో ఎక్కువవాటికి గ్రాఫిక్స్‌కి వేరే మెమరీ లేదు, ర్యామ్‌నే పంచుకుంటుంది. రెండు ముక్కలుంటే ఆ దారి వెడల్పవుతుంది.

తాళాలు: డబ్బు మొత్తం పోయేది ఇక్కడే

బ్యాటరీ పోతే మార్చుకోవచ్చు, స్క్రీన్ పోతే మార్చుకోవచ్చు. కంపెనీ వేసిన తాళం మీ చేతిలో లేదు. మూడు రకాలు చూడాలి.

మొదటిది బయోస్ (విండోస్ కంటే ముందు లేచే, మెషిన్ సొంత సెట్టింగ్స్) పాస్‌వర్డ్. మెషిన్ ఆన్ చేసిన వెంటనే లెనొవోలో ఎఫ్1, డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10 నొక్కి లోపలికి వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగితే అక్కడే ఆగండి. అడగకపోయినా ఏదో ఒక చిన్న సెట్టింగ్ మార్చి సేవ్ అవుతోందో లేదో చూడండి, ఎందుకంటే కొన్నింటిలో చూడనిస్తుంది గానీ మార్చనివ్వదు. థింక్‌ప్యాడ్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ తెలియకపోతే లెనొవో అధికారికంగా చెప్పే మందు మదర్‌బోర్డు మార్చడమే. డెల్, హెచ్‌పీలను అడిగితే అసలు యజమాని మీరేనని రుజువు అడుగుతారు, అది మీ దగ్గర ఉండదు.

రెండోది ఆబ్సల్యూట్, పాత పేరు కంప్యూట్రేస్. మెషిన్ ఎక్కడుందో దూరం నుంచి కనిపెట్టి తాళం వేసే ఏర్పాటిది. బయోస్‌లో సెక్యూరిటీ విభాగంలో ఉంటుంది. అది డిసేబుల్ అయి ఉంటే మంచిది. యాక్టివేటెడ్ అని ఉంటే ఆ మెషిన్ ఇంకా పాత కంపెనీ నిఘాలోనే ఉన్నట్టు లెక్క.

మూడోది విండోస్ ఆటోపైలట్. ఎక్కువమంది మోసపోయేది దీంతోనే. మెషిన్ గుర్తింపు పాత కంపెనీ ఖాతాలో మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదై ఉంటుంది. హార్డ్ డిస్క్ మార్చినా, విండోస్ మళ్లీ ఎక్కించినా పోదు. షాపువాళ్లు నెట్ కలపకుండా విండోస్ ఎక్కిస్తే ఏమీ కనిపించదు. మీరు ఇంటికెళ్లి, ఆరు నెలల తర్వాత రీసెట్ చేసి వైఫై కలిపితే ఎవరిదో కంపెనీ పేరు వచ్చి ఆఫీస్ ఈమెయిల్ అడుగుతుంది. కాబట్టి షాపులోనే రీసెట్ చేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్ కలిపి, మొదటి సెటప్ తెరలు చూడండి. సొంత వాడకానికా, ఆఫీసుకా అని అడిగితే ఫరవాలేదు. నేరుగా ఒక సంస్థ పేరుతో స్వాగతం వస్తే ఆ మెషిన్ వదిలేయండి. రీసెట్‌కు అరగంట, ఒక్కోసారి ఎక్కువ పడుతుంది. "టైం లేదు సార్" అంటే వేరే షాపు చూసుకోండి.

మూడింటి పోలిక

| చూడాల్సింది | థింక్‌ప్యాడ్ టీ480 | లాటిట్యూడ్ 7490 | ఎలైట్‌బుక్ 840 జీ5 |
|---|---|---|---|
| మెమరీ | 2 స్లాట్లు | 2 స్లాట్లు | 2 స్లాట్లు |
| బ్యాటరీ | లోపల 24 వాట్ అవర్స్ (ఎంత కరెంట్ పడుతుందో చెప్పే కొలత), వెనక 24, 48 లేదా 72 | లోపల 42 లేదా 60 | లోపల 50 |
| చార్జింగ్ | టైప్-సీ మాత్రమే | గుండ్రటి పిన్, టైప్-సీ కూడా | గుండ్రటి పిన్, టైప్-సీ కూడా |
| బరువు | సుమారు 1.6 కిలోల నుంచి | సుమారు 1.4 కిలోల నుంచి | సుమారు 1.5 కిలోల నుంచి |
| బాడీ | దృఢమైన ప్లాస్టిక్ | తేలికైన గట్టి మూత | అల్యూమినియం |
| స్పీకర్లు | బలహీనం | మామూలు | మూడింట్లో మెరుగు |
| ప్రత్యేకంగా చూడాల్సింది | టైప్-సీ పోర్టు, థండర్‌బోల్ట్ | చార్జర్ గుర్తింపు, బ్యాటరీ ఉబ్బు | ష్యూర్ వ్యూ స్క్రీన్ |

థింక్‌ప్యాడ్ టీ480

దీని బలం బ్యాటరీ. లోపల చిన్నది ఒకటి, వెనక ఊడదీసేది ఒకటి. మెషిన్ నడుస్తుండగానే వెనక బ్యాటరీ తీసి ఇంకోటి పెట్టొచ్చు, లోపలిది ఆ కాసేపు మోస్తుంది. కరెంట్ కోతలున్న ఊళ్లో ఉండేవారికి, రోజంతా కాలేజీలో తిరిగేవారికి ఇంత ఉపయోగమైన ఏర్పాటు మిగతా రెండింట్లో లేదు. 72 వాట్ అవర్స్ బ్యాటరీ పెడితే వెనక భాగం కింద ఎత్తుగా ఉంటుంది, బరువు రెండు కిలోల దరిదాపుల్లోకి వస్తుంది. కీబోర్డ్ రోజంతా టైప్ చేసేవారికి నచ్చుతుంది. పెద్ద ఎస్‌డీ కార్డు నేరుగా పడుతుంది, కెమెరా పని ఉన్నవారికి అది కలిసొచ్చే విషయం.

బలహీనత టైప్-సీ పోర్టు. చార్జింగ్ అంతా దాని మీదే, ఆ పోర్టేమో బోర్డుకి అంటించి ఉంటుంది. ఏళ్ల తరబడి లాగీ పీకీ వదులైతే బోర్డు పనే. రెండు టైప్-సీ పోర్టుల్లోనూ చార్జర్ పెట్టి, వైరు మెల్లగా అటూ ఇటూ కదిలించి, చార్జింగ్ ఆగుతోందా చూడండి. ఇంకొకటి, ఈ తరం థింక్‌ప్యాడ్లలో థండర్‌బోల్ట్ (వేగమైన టైప్-సీ పోర్టు) ఫర్మ్‌వేర్‌లో, అంటే చిప్ లోపలి సాఫ్ట్‌వేర్‌లో, లోపం ఉండేది. దాన్ని సరిచేసే అప్‌డేట్ లెనొవో ఇచ్చింది. వేయకుండా చాలాకాలం వాడిన మెషిన్లో పోర్టు చార్జింగ్‌కి, మానిటర్‌కి స్పందించకుండా పోయే ప్రమాదం ఉంది. కాబట్టి టైప్-సీ నుంచి, హెచ్‌డీఎంఐ నుంచి బయటి మానిటర్‌కి బొమ్మ వస్తోందో లేదో షాపులోనే చూడాలి, కొన్నాక మొదటి పనిగా ఆ అప్‌డేట్ వేయాలి.

స్క్రీన్ విషయంలో ఇది అన్నిటికంటే ఎక్కువ మోసపుచ్చుతుంది. 1366 × 768 రిజల్యూషన్ టీఎన్ స్క్రీన్‌తోనూ టీ480 వచ్చింది. పక్కకు జరిగితే రంగులు మారిపోయే ఆ స్క్రీన్ తక్కువ ధరకిచ్చినా కళ్లకు శిక్ష. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1920 × 1080 అని ఉండాలి.

లాటిట్యూడ్ 7490

సర్వీస్ చేయడానికి హాయైన మెషిన్. కింది మూత స్క్రూలు వదులైనా మూతకే అంటిపెట్టుకుని ఉంటాయి, తీయగానే ర్యామ్, ఎస్ఎస్‌డీ, బ్యాటరీ, ఫ్యాన్ అన్నీ కళ్లముందే. చార్జింగ్ సాకెట్ విడిగా వైరుతో ఉంటుంది కాబట్టి అది పాడైతే బోర్డు జోలికి వెళ్లకుండా చిన్న భాగం మార్చుకుంటే సరిపోతుంది. బ్యాటరీ ఆరోగ్యం బయోస్‌లోనే ఎక్సలెంట్, గుడ్, ఫెయిర్, పూర్ అని రాసి ఉంటుంది.

దీంట్లో తెలియక ఇబ్బంది పడేది చార్జర్ దగ్గర. డెల్ గుండ్రటి పిన్ మధ్యలో సన్నటి సూది ఉంటుంది, అడాప్టర్ ఎన్ని వాట్లదో మెషిన్‌కి చెప్పేది అదే. నాసిరకం చార్జర్ పెట్టినా, ఆ సూది వంగినా, ఆన్ అవుతున్నప్పుడు అడాప్టర్ రకం తెలియడం లేదన్న హెచ్చరిక వస్తుంది. అప్పుడు బ్యాటరీ ఎక్కదు, ప్రాసెసర్ కూడా కావాలనే నెమ్మదిస్తుంది. ఆ హెచ్చరికను ఏదో కీ నొక్కి దాటేయడం కొందరికి అలవాటు. మీరు మాత్రం ఆ తెర వచ్చిందో లేదో చూడండి.

7490కి బదులు 5490 చూపిస్తే తీసిపారేయొద్దు. అదీ 8వ జనరేషనే, రెండు స్లాట్లూ ఉన్నాయి, కాస్త లావు, కాస్త బరువు. ధర తక్కువైతే మంచి బేరమే.

ఎలైట్‌బుక్ 840 జీ5

చేతిలోకి తీసుకుంటే మూడింట్లో ఖరీదైనదిగా అనిపించేది ఇదే. అల్యూమినియం బాడీ, వినదగ్గ స్పీకర్లు. ఆన్‌లైన్ క్లాసులు, వీడియో కాల్స్ ఎక్కువ ఉన్నవారికి బాగుంటుంది.

ఇందులో కొన్నింటికి ష్యూర్ వ్యూ అనే ప్రైవసీ స్క్రీన్ వస్తుంది. పక్కసీటు వాళ్లకు తెర కనిపించకుండా చేసే ఏర్పాటది. బ్యాంకు ఉద్యోగికి వరమే గానీ, ఇంట్లో ఇద్దరు కలిసి సినిమా చూడ్డానికి పనికిరాదు. ఆఫ్ చేసినా పక్కనుంచి చూస్తే మామూలు ఐపీఎస్ స్క్రీన్ (పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారని రకం) అంత బాగుండదు. ఎఫ్2 కీ మీద ఆ గుర్తుందేమో చూస్తే తెలిసిపోతుంది. అల్యూమినియం మూత కాబట్టి మూలల్లో సొట్టలు కూడా చూడండి. మూలలో సొట్ట అంటే కింద పడిన మెషిన్, ఆ మూల దగ్గరి హింజ్ (మూత బందు) బిగువు, స్క్రీన్ అంచు మరోసారి పరీక్షించాలి.

ఇంకొంచెం పెట్టగలిగితే

పది పన్నెండు వేలు ఎక్కువ పెట్టే వీలుంటే ఈ మూడూ పక్కనపెట్టి 11వ జనరేషన్ చూడండి: లాటిట్యూడ్ 5420, ఎలైట్‌బుక్ 840 జీ8, థింక్‌ప్యాడ్ టీ14 జెన్ 2. గ్రాఫిక్స్‌లో పెద్ద ముందడుగు అక్కడుంది. మొదటి రెండింటికీ రెండు స్లాట్లున్నాయి, టీ14లో ఒకటే. 11వ జనరేషన్ ఐ5లో ఐరిస్ ఎక్స్ఈ గ్రాఫిక్స్ పూర్తి స్థాయిలో పనిచేయాలంటే మెమరీ రెండు ఛానెళ్లలో ఉండాలి, అంటే ఒకే ముక్క ఉన్నది కొంటే రెండోది వేసుకునే ఖర్చు కూడా లెక్కలో వేయండి. ఏఎమ్‌డీ మీద అభ్యంతరం లేకపోతే రైజెన్ 5 ప్రో 4650యూ ఉన్న టీ14 జెన్ 1 దొరికితే వదలొద్దు, దానికి 6 కోర్లు.

ఎవరికి ఏది

బీటెక్ కోడింగ్ విద్యార్థి: టీ480, 16 జీబీ. హాస్టల్లో ఉండి బరువు మోయలేనంటే 7490.

ఇంట్లో పిల్లల చదువు, వీడియో పాఠాలు: ష్యూర్ వ్యూ లేని 840 జీ5. 8 జీబీతో మొదలుపెట్టొచ్చు.

ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు చేసే అకౌంటెంట్: ఈ మూడూ వద్దు. 14 అంగుళాల వాటిలో పక్కన నంబర్ కీలు ఉండవు. అదే తరంలో 15.6 అంగుళాల థింక్‌ప్యాడ్ టీ580, లాటిట్యూడ్ 5590, ఎలైట్‌బుక్ 850 జీ5 చూడండి.

సివిల్, మెకానికల్ విద్యార్థి: ఆటోక్యాడ్‌లో 2డీ గీతలకు ఈ మూడూ సరిపోతాయి. రెవిట్, 3డీ మోడలింగ్ అయితే వర్క్‌స్టేషన్ తరగతి కావాలి: థింక్‌ప్యాడ్ పీ52, డెల్ ప్రెసిషన్ 7530, హెచ్‌పీ జెడ్‌బుక్ 15 జీ5. బరువు, పెద్ద చార్జర్, ఫ్యాన్ మోత భరించాలి.

గేమ్స్ కోసమైతే ఈ తరగతిలో వెతకొద్దు.

షాపులో చేయాల్సిన పరీక్ష

మెషిన్‌ని టేబుల్ మీద పెట్టి మూసి చూడండి. నాలుగు మూలలూ ఆనాలి. ఊగుతున్నా, టచ్‌ప్యాడ్ ఒకవైపు లేచినా, టచ్‌ప్యాడ్ నొక్కు బిగుసుకున్నా లోపల బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. మూతకు కొత్త రంగో స్టిక్కరో వేసి ఉంటే దాని కింద పగులుందేమో వేలితో తడమండి.

బ్యాటరీకి కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని కొట్టండి (అక్షరాలన్నీ ఇంగ్లీషువే). ఒక ఫైల్ తయారై, ఎక్కడుందో అక్కడే చూపిస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీని, ఫుల్ చార్జ్ కెపాసిటీని పోల్చండి. 80 శాతం పైన ఉంటే బాగుంది. 60 కంటే తక్కువైతే కొత్త బ్యాటరీ ధర అడిగి ఆ మొత్తం బేరంలో తగ్గించుకోండి. టీ480లో రెండు బ్యాటరీలకూ విడివిడిగా చూపిస్తుంది, రెండూ చదవండి. వెనకది కొత్తది పెట్టి లోపలిది చచ్చినదే ఉంచి అమ్మడం మామూలే.

ఎస్ఎస్‌డీకి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. ఆరోగ్య శాతం, ఎన్ని గంటలు నడిచిందన్నది చెబుతుంది. అన్ని గంటలూ సున్నా దగ్గరే ఉంటే షాపువాళ్లు కొత్తది వేశారన్నమాట. తప్పు కాదు గానీ, ఏ కంపెనీదో చూసుకోండి.

తెల్లటి పేజీ నిండా తెరిచి వెలుతురు మచ్చలు, నల్లటిది తెరిచి చుక్కలు వెతకండి. నోట్‌ప్యాడ్‌లో ప్రతి కీ నొక్కండి. ఎంటర్ కీ నిలువుగా రెండు వరసల్లో పెద్దదిగా ఉంటే అది బ్రిటన్ వైపు లేఅవుట్, కొన్ని గుర్తుల చోటు మారి ఉంటుంది. కెమెరా, మైకు, రెండు స్పీకర్లు, వైఫై, ప్రతి యూఎస్‌బీ రంధ్రం చూడండి. తర్వాత చార్జర్ పెట్టి ఇరవై నిమిషాలు 1080 వీడియో, నాలుగైదు బ్రౌజర్ ట్యాబ్‌లు కలిపి నడపండి. టాస్క్ మేనేజర్‌లో వేగం పనిమధ్యలో 1 గిగాహెర్ట్జ్ కంటే కిందే ఇరుక్కుపోతే చార్జరో, ఎండిపోయిన థర్మల్ పేస్టో (ప్రాసెసర్ వేడిని బయటికి పంపే పూత) కారణం. పేస్టయితే మార్చి ఇమ్మనండి, పెద్ద పని కాదు.

కింద ఉన్న సీరియల్ నంబర్‌ని, డెల్ అయితే 7 అక్షరాల సర్వీస్ ట్యాగ్‌ని, బయోస్‌లో కనిపించే నంబర్‌తో పోల్చండి. వేరువేరుగా ఉంటే బోర్డో మూతో మారింది. అదే నంబర్‌ని కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే ఆ మెషిన్ అసలు వివరాలు తెలుస్తాయి.

బిల్లు మీద ఆ సీరియల్ నంబర్ రాయించుకోండి, వారంటీ ఎన్ని రోజులో, దేనికి వర్తిస్తుందో కూడా అక్కడే రాయించండి. బోర్డుకి వారంటీ ఇచ్చి బ్యాటరీకి, చార్జర్‌కి లేదనడం సాధారణం. ఆ రోజుల్లోపు మెషిన్‌ని అల్మారాలో దాచకుండా రోజంతా వాడండి: పూర్తిగా చార్జ్ చేసి పూర్తిగా దిగనివ్వండి, స్లీప్‌లో పెట్టి తెల్లారి లేపండి, బయటి మానిటర్ కలపండి, బయోస్ అప్‌డేట్ మాత్రం చార్జర్ పెట్టి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే చేయండి. టీ480 మూత విప్పి ర్యామ్ వేయాలంటే ముందు వెనక బ్యాటరీ తీసి, బయోస్‌లో పవర్ విభాగంలో లోపలి బ్యాటరీని డిసేబుల్ చేశాకే స్క్రూడ్రైవర్ పట్టండి.